నాలుగో పాదం కింద

పోయిన వారం లెవెలమ్మను మనం ఫ్యాక్టరీ నేల మీద బోర్లా పడుకోబెట్టి, చేతికి టార్చిలైటిచ్చి వదిలేశాం. వారం రోజులు ఆ సిమెంటు గచ్చు మీదే ఉంచినందుకు పాపం ఆమె మనల్ని తిట్టుకున్నా తప్పులేదు. కథ ఎక్కడిదాకా వచ్చిందో ఒకసారి చెప్పుకుని ఆమెను లేపుదాం.

అరిగిపోయిన యంత్రాలను పారేయకుండా విప్పి, సరిచేసి, మళ్లీ కొత్తవాటిలా నడిపించడం ఆ అన్నాచెల్లెళ్ల వర్క్‌షాపు పని. అన్నయ్య యజమాని. చెల్లెలు కొలతలు చూస్తుంది. వాలు ఎటుందో బుడగతో చూపించే లెవెల్ పెట్టె ఎప్పుడూ చంకలోనే ఉంటుంది కాబట్టి అసలు పేరు అందరూ మరిచిపోయి లెవెలమ్మ అనడం మొదలుపెట్టారు. ఆమె భర్త యంత్రాల బెడ్డు మీద, అంటే టేబులు జరిగే ఇనుప దిమ్మ మీద, స్క్రేపరు పట్టి, వెంట్రుకవాసి చొప్పున ఇనుము గోకి చదును చేసేవాడు. అన్నయ్య నోరు ఊరుకుంటుందా? ఆయనకు 'గోకుడు బావ' అని పేరు పెట్టేసింది. పద్నాలుగేళ్ల కిందట వాళ్లు బాగుచేసి ఈ ఫ్యాక్టరీకి పంపిన పెద్ద గ్రైండింగ్ మిషను, కడ్డీలను ఒక కొసన లావుగా, ఇంకో కొసన సన్నగా నూరింది. తప్పు గోకిన చేతిదేనని లెవెలమ్మ కాగితం మీద రాసి సంతకం పెట్టింది. మర్నాడు ఆ చెయ్యీ, ఆ మనిషీ, ఆయన స్క్రేపర్లూ ఇంట్లోంచి వెళ్లిపోయాయి. ఆ మిషనే ఇప్పుడు తుక్కుకు పోతోంది. రేపు పదకొండింటికి లారీ వస్తుంది. 'ఇది ఇక పనికిరాదు' అని రాసివ్వడానికి ఆమెను పిలిపించారు. రాసే ముందు చివరిసారి చూద్దామని వంగిన మనిషికి, వెనకవైపు నాలుగో పాదం దగ్గర, పెచ్చులూడిన సిమెంటులో ఒక నీలం పువ్వు కనిపించింది.

ఇనుప మిషను కింద పువ్వేమిటని మీకు అనుమానం రావచ్చు. ఆమెకు రాలేదు. ఆ పువ్వు ఎక్కడిదో చూడగానే తెలిసిపోయింది. తెలియనట్టు ఉండిపోదామని ఒక్క క్షణం అనిపించింది కాని, కొలతలు చూసి బతికేవాళ్లకు అది చేతకాని పని.

"ఏంటమ్మా, వంకరమ్మ కాళ్లు పట్టుకున్నావా? ఇప్పుడు పట్టుకుని ఏం లాభం, రేపు లారీ ఎక్కేస్తోందిగా" అన్నాడు గ్రైండరు బాబాయ్, మిషనుకు అటువైపు నిలబడి.

బాబాయ్ ఆ మిషను వచ్చిన నాటినుంచీ దాని మీదే పనిచేస్తున్నాడు. వంకరగా నూరుతుందని ఫ్యాక్టరీ అంతా దాన్ని వంకరమ్మ అని వెక్కిరిస్తే, అదే పేరుతో ముద్దు చేసుకున్నవాడు ఆయన ఒక్కడే. నాజూకు పనులన్నీ వేరే మిషన్లకు పోగా, మోటు పనులు దీనికిచ్చి, టేబుల్ని కాస్త అటో ఇటో తిప్పుకుంటూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చాడు. మనిషి మంచివాడే. నోటికి మాత్రం తాళం లేదు. క్యాంటీన్‌లో ఎవరు ఎవరి మీద చిరాకుపడ్డారో సాయంత్రం గేటు దాటేలోగా అందరికీ తెలిసిపోయేది ఈయన పుణ్యానే.

"బాబాయ్, ఓ ఉలీ, సుత్తీ..."

మాట పూర్తికాకముందే రెండూ చేతిలో ఉన్నాయి. పక్కనే బోల్టు విప్పే పెద్ద పానా, పట్టకారు, నూనెగుడ్డ కూడా వరసగా పెట్టేసి ఉన్నాయి. ఇవన్నీ ఇంత చప్పున ఎలా వచ్చాయని ఆలోచించే స్థితిలో ఆమె లేదు. మనం మాత్రం గుర్తుపెట్టుకుందాం.

పాదం చుట్టూ సిమెంటు కొట్టేసరికి గంట పట్టింది. బోల్టు వదులు చేసి, పక్కనుంచి ఇనుప ముక్క దూర్చి ఇద్దరూ మార్చి మార్చి కొడితే పాదం రవ్వంత లేచింది. పట్టకారుతో లాగితే రేకు ముక్క చేతిలోకి వచ్చింది.

రెండు వేళ్ల వెడల్పు, చూపుడువేలంత పొడవు. ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా మూతలోంచి కత్తెరతో కత్తిరించిన రేకు. అంత బరువు కింద పద్నాలుగేళ్లు నలిగినా దాని మీది నీలం పువ్వులు రెండు చెక్కుచెదరలేదు. మూలలు గుచ్చుకోకుండా గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. ఒక్కపూట ఆసరాకి పెట్టే రేకుని అంత తీరిగ్గా కత్తిరించే మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతీ గచ్చు మీద చతికిలబడి కూర్చుంది.

ఆ రోజు ఆమెకు గంట గంటా గుర్తుంది. మిషనుని దించారు. మూడు పాదాలు నేలకు ఆనాయి, నాలుగోది ఆనలేదు. కింద పెట్టాల్సిన అసలు ప్లేటు మర్నాడు పొద్దునగాని రాదు. అంతదాకా కదలకుండా ఉంటుందని చేతిసంచిలో ఉన్న పౌడరు డబ్బా మూత కత్తిరించి దూర్చింది. లెవెల్ పెట్టి చూస్తే బుడగ బుద్ధిగా మధ్యలో నిలబడింది. బోల్టులు ఇంకా బిగించలేదు. బిగించాక మళ్లీ చూడాలి. రేకు తీసి ప్లేటు పెట్టాక ఇంకోసారి చూడాలి. ఇదంతా ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

అప్పుడు ఆయన వచ్చాడు. చదును చూడటానికి బెడ్డుకు పూసే నీలం రంగు మూడుసార్లు సబ్బుతో కడిగినా పోక, వేళ్లన్నీ నీలంగా ఉన్నాయి.

"మొదటాటకి రెండు టికెట్లున్నాయి. లెవెలమ్మగారికి తీరికుంటే..."

"బోల్టులు బిగించాక చూడాలి కదండీ."

"రేపు చూద్దువుగాని. మిషనెక్కడికీ పోదు. ఆట మొదలైపోతుంది."

వెళ్లారు. సినిమా ఏమీ బాగాలేదు. తిరిగొచ్చేటప్పుడు వాన. ఒకే గొడుగు, అదీ ఒక పుల్ల విరిగింది. ఇద్దరూ తడిసి ముద్దయి, దారి పొడుగునా ఆ సినిమా కథను వెక్కిరించుకుంటూ నడిచి ఇంటికొచ్చారు. ఆమె జీవితంలో పనికి ఆలస్యంగా వెళ్లింది ఆ మర్నాడు ఒక్కరోజే. వెళ్లేసరికి ఫ్యాక్టరీవాళ్లు బోల్టులు బిగించేశారు, మేస్త్రీ పాదాల చుట్టూ సిమెంటు పూసి చదును చేసేశాడు. ఆమె మనసు ఇంకా ఆ గొడుగు కిందే ఉంది. 'నాలుగు పాదాలూ సరి' అని రాసి సంతకం పెట్టేసింది.

వాళ్ల వర్క్‌షాపులో ఒక నియమం ఉంది. ఎవరి పని వాళ్లు సరిచూసుకోకూడదు. గోకినవాడి పని కొలిచే మనిషి చూడాలి, కొలిచిన మనిషి పని ఇంకొకరు చూడాలి. ప్రతి కాగితం మీదా 'సరిచూసినవారు' అని ఒక గడి ఉంటుంది. ఆమె కాగితం మీద ఆ గడిలో ఆయన సంతకం పెట్టాడు, పాదాల వైపు వంగి కూడా చూడకుండా. "నీ పని నేను చూడాలా?" అని నవ్వుతూ పెట్టాడు.

వారానికి కడ్డీలు వంకర వచ్చాయి. ఆమె వచ్చి కొలిస్తే బెడ్డు మెలిపడి ఉంది. అటూ ఇటూ అన్నీ చూసింది, తను చేసిన పని ఒక్కటే చూడలేదు. "ఒక్కసారి పాదాలు చూద్దామా?" అన్నాడాయన, అందరి ముందూ నెమ్మదిగానే. ఆమె ఏమందో ఇన్నేళ్లలో మరిచిపోదామన్నా మరపు రాలేదు.

"పాదాలకి నీ సంతకమే ఉంది. నీ సంతకం మీద నీకే నమ్మకం లేదా?"

ఆయన ఇంకేమీ అనలేదు. ఏమంటాడు? చూడకుండా పెట్టానని పదిమందిలో చెబితే, చూడకుండా పెట్టేంత నమ్మకం ఎవరి మీదో కూడా చెప్పాలి. ఆమె కాగితం తీసుకుని 'స్క్రేపింగ్ లోపం' అని రాసింది. నమ్మి ఆయన ఒక సంతకం పెట్టాడు, నమ్మక ఆమె ఒకటి పెట్టింది. రెండూ తప్పు సంతకాలే. కాని మొదటిది పెట్టినవాడికి ఇల్లు పోయింది.

ఆ ఇంట్లో వంటగది గుమ్మం చట్రం మీద నీలం బొటనవేలి ముద్ర ఒకటి ఉంది. పనినుంచి వచ్చి గుమ్మం పట్టుకుని, "టీ ఉందా?" అని అడిగే వేలిది. ఈ పద్నాలుగేళ్లలో ఇంటికి రెండుసార్లు రంగులు వేయించింది. రెండుసార్లూ ఆ ముద్ర చుట్టూ జానెడు మేర వదిలేయమంది. రంగులవాడు ఆమెను ఎగాదిగా చూసి, తనకెందుకని వదిలేశాడు. కోపంలో వెళ్లిన మనిషి చల్లారాక వస్తాడనుకుంది మొదటి ఏడు. తప్పు ఒప్పుకోవడానికి వస్తాడనుకుంది తరవాతి ఏడు. ఆ పైన ఎందుకు వస్తాడో కారణం వెతకడం మానేసి, ఊరికే రావాలనుకుంది.

"దొరికిందా?" అన్నాడు బాబాయ్ మెల్లిగా.

ఏం దొరికిందని అడగలేదు చూడండి. అదీ ఆమె పట్టించుకోలేదు.

పట్టించుకునేలోపే అన్నయ్య వచ్చాడు, 'పనికిరాదు' కాగితం టైపు చేయించుకుని మరీ. చెల్లెలి ముఖం, చేతిలో రేకు, కొట్టేసిన సిమెంటు వరసగా చూశాడు. లెక్కలు తప్ప యంత్రాలు తెలియని మనిషే అయినా, ఆ పౌడరు డబ్బా కొనిచ్చింది తనే కాబట్టి విషయం అర్థమైపోయింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని ఆమె పక్కనే గచ్చు మీద కూలబడ్డాడు.

"ఇన్నాళ్లూ ఇదా?"

"ఇదే అన్నయ్యా."

 అన్నయ్య గొంతు తగ్గించి, "చెల్లాయ్, ఆ ముక్క సంచిలో వేసుకో. పాదం సరిచేసి బిగించు. మిషను బాగా నూరితే లారీని ఆపేస్తారు. ఏమైందంటే పునాది దిగిందని చెబుదాం. పాము చావకుండా, కర్ర విరగకుండా పోతుంది" అన్నాడు.

"మరి ఆయన?"

"బావ సంగతి ఇప్పుడెందుకు? ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో, అసలు ఉన్నాడో..."

అంతలో బాబాయ్‌కి గట్టిగా దగ్గు వచ్చింది. ఎంతసేపటికీ తగ్గదే!

ఆమె లేచి చీర దులుపుకుంది. ముందు మిషను సంగతి చూడాలి. ఆయన చేతుల గుర్తుగా ఇంట్లో ఒక వేలిముద్ర ఉంటే, బయట ఈ బెడ్డు ఒక్కటే ఉంది. టేబులు పక్కకు జరిపితే, అంతగా అరగని కొసల్లో ఆయన గోకిన గుర్తులు ఇంకా ఉన్నాయి. ఎడమచేతివాటం మనిషి కాబట్టి అన్నీ ఒకే వైపుకు ఒరిగి ఉంటాయి. ఆమె వాటి మీద అరచెయ్యి ఆనించింది. నూనె తగిలి చల్లగా ఉంది. ఇది లారీ ఎక్కితే కరిగించేస్తారు.

అసలు ప్లేటు తెప్పించి నాలుగో పాదం కింద పెట్టింది. నాలుగు బోల్టులూ వదులు చేసి, కొంచెం కొంచెంగా, ఒక్కో మూలా ఒక్కోసారి బిగించుకుంటూ వచ్చింది. బిగించిన ప్రతిసారీ లెవెల్ చూసింది. బుడగ మొదట ఒక పక్కకు పోయి మొండికేసింది, తరవాత కదిలింది. మధ్యాహ్నం ఎవరికీ భోజనం గుర్తురాలేదు. మూడున్నరకి బుడగ బెడ్డు ఈ కొసనుంచి ఆ కొసదాకా మధ్యలోనే ఉంది.

బాబాయ్ ఒక పొడుగు కడ్డీ బిగించి నూరాడు. నీళ్లు ఆపి, తుడిచి, మైక్రోమీటరుతో ఒక కొస కొలిచాడు, రెండో కొస కొలిచాడు. మళ్లీ మొదటి కొసకు వెళ్లాడు.

"సరిపోయిందమ్మా. రెండు కొసలూ ఒక్కటే" అన్నాడు. "ఏవే వంకరమ్మా, ఇన్నేళ్లూ నీకు కాల్లో ముల్లుందని ఒక్కమాట చెప్పలేకపోయావే!"

నాలుగింటికి కొత్త మేనేజరు వచ్చాడు. ముప్ఫయ్యేళ్లు కూడా లేని మనిషి, మర్యాదస్థుడు, చేతిలో ఫైలు. కడ్డీ కొలత చూసి, నమ్మకం కుదరక తనే ఇంకోసారి కొలిచి, లెవెలమ్మ వైపు కొత్తగా చూశాడు.

"లోపం ఏమిటండీ ఇంతకీ?"

"పునాది అండీ" అన్నాడు అన్నయ్య వెంటనే. "నేల ఓ మూల దిగిపోయింది. పాత కట్టడం కదా..."

"కాదండీ" అంది లెవెలమ్మ.

అన్నయ్య ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుని, గుప్పిట తెరిచి రేకు ముక్కను టేబులు మీద పెట్టింది. "ఇది నేను పెట్టాను. తీయడం మరిచిపోయాను. మిషను మెలిపడింది దీనివల్ల. గోకిన పనిలో ఏ తప్పూ లేదు. ఉందని నేను రాసిచ్చాను. ఆ కాగితం మీ ఫైల్లోనే ఉండాలి, తీయండి."

ఫైల్లో ఉంది. అంచులు పసుపెక్కిన కాగితం. 'స్క్రేపింగ్ లోపం' అన్న తన అక్షరాలే ఎదురుగా ఉన్నాయి. అప్పటి రాత ఎంత ధీమాగా, ఎంత గుండ్రంగా ఉందో! ఆమె పెన్ను తీసి ఆ రెండు మాటల మీద అడ్డగీత గీసింది. పక్కన 'లెవెలింగ్ లోపం, నాదే' అని రాసి సంతకం పెట్టి, కింద ఇవాళ్టి తేదీ వేసింది. రాసేశాక కళ్లనీళ్లు ఆగలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు.

మేనేజరు ఫైలు తన వైపు తిప్పుకుని ఆ అడ్డగీత చూశాడు. "తప్పు ఒప్పుకున్నందుకు సంతోషమేనండీ. కాని నా వైపునుంచి చూడండి. అప్పుడు మీరు పెట్టిన సంతకం తప్పయినప్పుడు, ఇవాళ్టిది ఒప్పని నేనెలా నమ్మాలి? ఒక్క కడ్డీ చూసి లారీని ఆపలేను."

"నన్ను నమ్మొద్దు. మా నియమం కూడా అదే. నా పనిని ఇంకొకరు సరిచూడాలి."

"ఎవరు?"

ఆమె అన్నయ్య వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. బుడగ ఎటు పోతే ఏ మూల ఎత్తాలో ఆయనకు ఈ జన్మలో తెలియదు. బాబాయ్ నూరడంలో ఘనుడే గాని లెవెల్ ముట్టి ఎరగడు. 'సరిచూసినవారు' అన్న గడి ఖాళీగా ఉంది. అలాంటి గడిలో సంతకం పెట్టగల చెయ్యి ఆమెకు తెలిసినంతలో ఒక్కటే. దాన్ని తనే వెళ్లగొట్టుకుంది.

"రేపు పదకొండులోగా ఎవరైనా తెలిసినవాళ్లు చూసి సంతకం పెడితే లారీని ఖాళీగా పంపిస్తాను" అన్నాడు మేనేజరు. "రేపెలాగూ మిషన్లన్నీ ఆపి తుడిచే రోజు. అంతకుమించి నా చేతిలో లేదండీ." ఫైలు అక్కడే వదిలేసి వెళ్లాడు.

అన్నయ్య అటూ ఇటూ తిరుగుతూ ఏవేవో ఫోన్ నంబర్లు వెతుకుతున్నాడు. ఆమె ఖాళీ గడి వైపే చూస్తోంది. బాబాయ్ నూనెగుడ్డను మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. చివరికి ఇక తనవల్ల కాదన్నట్టు దాన్ని బల్ల మీద విసిరికొట్టాడు.

"రేపు పదింటికి వస్తాడమ్మా!"

"ఎవరు బాబాయ్?"

"సరిచూసేవాడు. ఏటా ఈ తుడిచే రోజున వస్తాడు. ఏడేళ్ల కిందట బండి తగిలి ఇక్కడ సిమెంటు పెచ్చూడినప్పుడు మొదటిసారి వచ్చాడు. వంగి ఆ పువ్వు చూసి, ఈ గచ్చు మీదే, నువ్వు కూర్చున్నచోటే కూర్చున్నాడు. తీసేయనా అని అడిగితే వద్దన్నాడు. 'పెట్టిన చెయ్యే తియ్యాలి బాబాయ్. నేను తీస్తే నేను గెలిచినట్టు ఉంటుంది' అన్నాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసుగా, ఏడేళ్లు తల్లీ! ఆ ఉలీ సుత్తీ ఏటా తుడిచి దాచిపెడుతున్నా, ఎప్పుడొస్తావో అని."

లెవెలమ్మ బెడ్డు మీది నూనెను వేలితో తడిమి చూసింది. ఏడేళ్లు. ఏటా ఒకరోజు ఆయన ఈ ఇనుము తుడిచి, నూనె రాసి వెళ్లాడు. ఆమె ఇల్లు ఇక్కడికి రెండు బస్సుల దూరం. అడగాల్సినవి గొంతుదాకా వంద వచ్చాయి. చిక్కాడా, జుట్టు నెరిసిందా, తన గురించి ఏమైనా అడిగాడా? వాటన్నిటినీ తోసుకుని, ఆమె అనుకోకుండానే ఒక చిన్న ప్రశ్న బయటపడింది.

"ఒక్కడే వస్తాడా బాబాయ్?"

బాబాయ్ విసిరేసిన నూనెగుడ్డను మళ్లీ చేతిలోకి తీసుకుని, ఇందాకే శుభ్రంగా తుడిచిన కడ్డీని మరోసారి తుడవడం మొదలుపెట్టాడు.

"నిరుడు దాకా ఒక్కడే వచ్చేవాడమ్మా. ఈసారి తోడు ఇంకొకరు వస్తున్నారని కబురు పెట్టాడు" అన్నాడు.